చివరి ఆయకట్టుకు వేడి

మోటారు వాహనంలో హీటరు అనే పరికరం పేరును బట్టి చూస్తే వేడిని పుట్టించేదిగా తోస్తుంది గాని, నిజానికి అది రవ్వంత వేడిని కూడా స్వయంగా పుట్టించదు. ఇంజన్ పుట్టించి, తనకు అక్కర్లేక బయట పారబోసే వేడిలోంచి ఒక పాయను మళ్లించి, లోపల కూర్చున్నవారి కాళ్ల దగ్గరికీ ముందు అద్దం మీదికీ చేర్చడమే దాని పని. పెట్రోలు ఇంజన్‌లో కాలిన ఇంధనపు శక్తిలో చక్రాలు తిప్పడానికి అక్కరకు వచ్చేది స్థూలంగా మూడో వంతు, చాలా సందర్భాల్లో అంతకన్నా తక్కువే. మిగిలినదాంట్లో పెద్ద భాగం పొగగొట్టం గుండా పోతుంది, ఇంకో పెద్ద భాగం ఇంజన్ గోడల చుట్టూ తిరిగే నీటిలోకి దిగి రేడియేటర్ ద్వారా గాలిలో కలుస్తుంది. అంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ వేడికి కరువు ఉండదు. కాబట్టి హీటరు వేసినా చల్లగాలే వస్తోందన్న ఫిర్యాదుకు అర్థం దాదాపు ఎప్పుడూ వేడి లేదని కాదు, ఉన్న వేడి దారిలో ఎక్కడో నిలిచిపోయిందని. చిన్నదిగా కనిపించే ఈ తేడా మీదే లోపాన్ని వెతికే పద్ధతి అంతా నిలబడి ఉంది: లేనిదాన్ని తెచ్చిపెట్టాలంటే కొత్త సామాను కొనాలి, నిలిచిపోయినదాన్ని కనిపెట్టాలంటే అది వచ్చే దారి వెంట నడవాలి.

ఈ చర్చకు నంద్యాలనూ ఆళ్లగడ్డనూ వేదిక చేసుకోవడం వినేవారికి మొదట వేళాకోళంగా అనిపించవచ్చు. నల్లమల, ఎర్రమల కొండల నడుమ పరచుకున్న కుందూ నది లోయలో ఏప్రిల్, మే నెలల ఎండ 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకడం, కొన్నేళ్లు దాన్ని దాటడం స్థానికులకు వార్త కాదు; రాష్ట్రంలో ఆ రోజు ఎక్కడ ఎండ ఎక్కువగా కాసిందో చెప్పే జాబితాల్లో నంద్యాల పేరు తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడి మాటల్లో వేడికి ఉన్నన్ని పేర్లు చలికి లేవు: మంట దగ్గరినుంచి తగిలేది సెగ, గాలితో కలిసి ముఖాన కొట్టేది వడ, గాలి ఆడక లోపలినుంచి చెమట పట్టించేది ఉక్క, ఇనుముకూ పెనానికీ కోపిష్ఠి మనిషికీ కూడా ఎక్కేది కాక, స్నానపు నీళ్లకు వచ్చేది ఉడుకు. ఇంత విశదమైన పరిచయం ఉన్నచోట, కారు ముందు పలకలో నీలం నుంచి ఎరుపు దాకా తిరిగే గుండ్రటి మీటను ఎరుపు వైపు తిప్పాలన్న ఆలోచన ఎవరికైనా ఎందుకు వస్తుంది? బండి కొన్ననాటినుంచి అమ్మేనాటిదాకా ఆ మీట నీలం అంచు దగ్గరే ఉండిపోయే కార్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. గుండెల మీద కుంపటి అన్న జాతీయం మోయలేని దిగులును సూచిస్తుంది. హీటరు అంటే ముందు సీటువారి మోకాళ్లకు ఎదురుగా అమర్చిన కుంపటే గనుక, ఎండల ఊరివారు దాన్ని కూడా అదే దృష్టితో చూడడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఒక యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి దాన్ని రోజూ వాడే చోటికన్నా, దాన్ని ఎవరూ పట్టించుకోని చోటే ఒక్కోసారి అనువుగా ఉంటుంది. చలిదేశంలో హీటరు ఆగిన మరునాడే బండి మెకానిక్ దగ్గరికి వెళుతుంది, లోపం పసిదిగా ఉండగానే బయటపడుతుంది. నంద్యాలలో అదే లోపం ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా ముదిరి, చివరికి వేరే రూపంలో, వేరే పేరుతో, చాలా పెద్ద బిల్లుతో బయటపడుతుంది.

వేడి నడిచే దారిని చెప్పడానికి ఇక్కడివారికి కె.సి. కెనాల్‌ను మించిన ఉపమానం అక్కర్లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రనుంచి బయలుదేరి, నంద్యాల ప్రాంతపు పొలాలను తడుపుతూ కడప వైపు సాగే ఈ కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆయకట్టు అంటే ఒక కాలువ కింద సాగయ్యే భూమి మొత్తం. చివరి ఆయకట్టు అంటే ఆ కాలువ తోకభాగంలో, నీరు అన్ని తూములూ దాటుకుని వచ్చాక గాని తడవని పొలాలు. కాలువలో నీరు జానెడు తగ్గితే తల దగ్గరి రైతుకు ఆ సంగతే తెలియదు, చివరి రైతుకు మాత్రం మడి ఎండిపోతుంది. ఇంజన్ చుట్టూ తిరిగే నీటి వ్యవస్థలో హీటరు స్థానం సరిగ్గా ఇదే. వాటర్ పంపు తోసిన నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి కాగి, ప్రధాన కాలువగా రేడియేటర్‌కు వెళుతుంది; దాంట్లోంచి వేలెడు లావు రబ్బరు గొట్టం ఒకటి చీలి, ఇంజన్‌కూ ప్రయాణికులకూ మధ్యనున్న ఇనుప గోడ దాటి లోపలికి వస్తుంది. అక్కడ ముందు పలక వెనుక, అరచేతులు రెండు కలిపినంత పరిమాణంలో ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది. దానికే హీటర్ కోర్ అని పేరు. సన్నని గొట్టాలు, వాటి మధ్య పల్చని అల్యూమినియం రేకులు, వాటి గుండా గాలిని నెట్టే బ్లోవర్ అనే ఫ్యాను: ఇంతే దాని సంసారం. వేడిని అక్కడ దించి, రెండో గొట్టం ద్వారా నీరు మళ్లీ పంపు దగ్గరికి చేరుతుంది.

ప్రధాన కాలువకు ఒక తూము ఉంది, దాని పేరు థర్మోస్టాట్. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఇది రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. నీరు 82 నుంచి 88 డిగ్రీలకు చేరినప్పుడు, బండిని బట్టి, మెల్లగా తెరుచుకోవడం మొదలుపెట్టి, మరో పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. లోపల ఉన్నది కేవలం మైనం: చిన్న ఇత్తడి కుప్పెలో బిగించిన మైనం కరిగి ఉబ్బి కడ్డీని తోస్తే తలుపు తెరుచుకుంటుంది, చల్లారి ముడుచుకుంటే స్ప్రింగు దాన్ని మళ్లీ మూస్తుంది. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఈ ఏర్పాటు, కరెంటు గాని కంప్యూటర్ గాని అక్కర్లేకుండా, ఈనాటికీ కోట్లాది బండ్లలో అదే పనిని అదే తీరున చేస్తోంది. కాలువల మీద తూములు తెరిచి మూసే లస్కరు పనిని కొవ్వొత్తి ముక్కంత మైనం చేస్తోందంటే దానికి దక్కవలసినంత మర్యాద దక్కలేదనే చెప్పాలి. ఆ అమర్యాద ఎంతవరకు వెళ్లిందో తరువాత ప్రస్తావనకు వస్తుంది.

హీటరు చల్లబడితే మొదట చూడవలసింది నీటి మట్టం. ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే రేడియేటర్ మూత తీయాలి, ఎందుకంటే మూత బిగువు వల్ల లోపల ఒత్తిడి పెరిగి, నూరు డిగ్రీలు దాటినా మరగకుండా నిలిచి ఉన్న నీరు, మూత తీసిన మరుక్షణం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చాలా బండ్లలో హీటర్ కోర్ ఈ చుట్టుదారిలో ఎత్తైన చోట ఉంటుంది గనుక నీరు తగ్గగానే మొదట ఎండేది అదే. ఇంజన్ కాగడానికి, మీటరు ముల్లు పైకి ఎక్కడానికి చాలా ముందే హీటరు గాలి చల్లబడుతుంది. మట్టం సరిగా ఉండి కూడా ఫలితం లేకపోతే, గాలి పట్టిందేమో చూడాలి. నీరు మార్చినప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగ ఎత్తైన చోటికి చేరి, అడ్డుగోడలా నిలిచి నీటిని పోనివ్వదు. షెడ్లలో దీన్నే ఎయిర్ లాక్ అంటారు. బండి ముక్కును ఎత్తైన చోటికి ఎక్కించి, మీటను ఎరుపు వైపు తిప్పి, ఇంజన్ నడుపుతూ బుడగలు బయటికి వచ్చేదాకా నీరు నింపడం దీనికి మందు. అయితే బుడగలు ఎంతకీ తీరకపోతే అది వేరే జబ్బు: ఇంజన్ తలకూ మొండేనికీ మధ్యనుండే హెడ్ గ్యాస్కెట్ అనే పల్చని పొర చిరిగి, మండిన వాయువులే నీటిలోకి చొరబడుతున్నాయని దాని అర్థం కావచ్చు. చివరి మడి ఎండితే పైన కట్ట తెగిందని తెలుసుకున్నట్టు, చలిగాలి తోలే హీటరును చూసి గ్యాస్కెట్‌ను అనుమానించగల మెకానిక్‌ను నేర్పరి అనవచ్చు.

ఆ తరువాతి పరీక్ష చేతితో చేసేది. ఇంజన్ కాగిన తరువాత, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, ఇనుప గోడలోకి వెళ్లే రెండు గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ ఉడుకుగా ఉంటే నీరు తిరుగుతోందని, లోపం గాలి వైపు ఉందని తెలుస్తుంది. రెండూ చల్లగా ఉంటే వేడి నీరు అక్కడిదాకా రావడమే లేదు: నీరు తక్కువ, లేదా గాలి అడ్డం, లేదా పంపు రెక్కలు అరిగి తోయలేకపోవడం, లేదా తెరిచే ఉండిపోయిన థర్మోస్టాట్ వల్ల ఇంజనే కాగకపోవడం. ఒకటి ఉడుకుగా, రెండోది చల్లగా ఉంటే నీరు కోర్ దాకా వచ్చి అక్కడ ఆగిపోతోంది; కోర్ పూడిపోయి ఉండవచ్చు, కొన్ని బండ్లలో ఆ దారిలో ఉండే చిన్న కవాటం మూతపడి ఉండవచ్చు.

చేతిని ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్నకు నంద్యాలకు దగ్గర్లోని మహానంది కోనేరే జవాబు. ఆ ఊటనీరు చలికాలంలో గోరువెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుందని భక్తులు తరతరాలుగా చెప్పుకుంటారు, స్నానం చేసినవారికి అది అనుభవమే కూడా. లోతైన భూగర్భంనుంచి వచ్చే నీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. మారేది మునిగే ఒంటి చుట్టూ ఉన్న గాలి. డిసెంబరు తెల్లవారుజామున వణుకుతూ దిగినవాడికీ, మే నెలలో కాలిన రాతిమెట్లు దిగి వచ్చినవాడికీ ఒకే నీరు రెండు రకాలుగా తగులుతుంది. ఒకే గిన్నెలోని నీరు ఒక చేతికి వెచ్చగా, మరో చేతికి చల్లగా తోచవచ్చునని 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ రాసినదీ ఇదే సంగతి. చేయి వేడిని కొలవదు, పోలుస్తుంది. అందుకే ఒక్క గొట్టాన్ని తాకి ‘వెచ్చగానే ఉంది’ అనడం పరీక్ష కాదు. రెండింటినీ వెంటవెంటనే తాకినప్పుడు మాత్రమే చేతి మాటకు విలువ. అనుభవం గల మెకానిక్‌లు ఈ సూత్రాన్ని ఎక్కడా చదవకుండానే పాటిస్తారు.

గాలి వైపు లోపాలను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లోపల బ్లెండ్ డోర్ అనే చిన్న తలుపు ఒకటి గాలి కోర్ గుండా పోవాలో, పక్కనుంచి పోవాలో నిర్ణయిస్తుంది. పాత బండ్లలో దాన్ని తీగ లాగుతుంది, కొత్తవాటిలో బుల్లి మోటారు తిప్పుతుంది. తీగ ఊడినా, మోటారు పళ్లు విరిగి ముందు పలక వెనుక టకటకమని చప్పుడు చేస్తున్నా, కోర్ ఎంత కాలుతున్నా లోపలికి వచ్చేది చల్లగాలే. అసలు గాలే రాకపోతే ఫ్యూజు, బ్లోవర్ మోటారు, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు చూస్తే సరిపోతుంది.

కోర్ పూడిపోవడం మాత్రం ఈ ప్రాంతానికి సొంతమైన కథ, కోట్ల సంవత్సరాల నాటిది. భూగర్భ శాస్త్రవేత్తలు కర్నూలు గ్రూపు అని పిలిచే శిలాశ్రేణిలోని పొరల పేర్లు చదువుతుంటే బస్సు బోర్డు చదువుతున్నట్టే ఉంటుంది: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. (షేల్ అంటే బురద గట్టిపడి పలకలు పలకలుగా ఏర్పడిన రాయి.) ఇళ్లలో నేలకు పరిచే నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు, ఇదే జిల్లాలో 3 కిలోమీటర్లకు పైగా సాగే బేలం గుహల గోడలు, అన్నీ ఈ సున్నపురాయి సంతానమే. గుహ ఏర్పడిన తీరే కోర్ పూడిపోయే తీరుకు తాళంచెవి. వాననీరు గాలినుంచీ మట్టినుంచీ బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కొద్దిగా ఆమ్లంగా మారి, సున్నపురాయిని కరిగించి తనలో కలుపుకుని పోతుంది. అలా కరిగించుకుంటూ పోయిన ఖాళీయే బేలం. కరిగిన ఆ సున్నంతోనే బోరు నీరు పైకి వస్తుంది. దాన్ని కాచినప్పుడు వాయువు ఎగిరిపోయి, కరిగినదంతా మళ్లీ రాయిగా మారి గిన్నె గోడలకు అంటుకుంటుంది. ఉప్పు, చక్కెర వేడినీటిలో ఎక్కువగా కరుగుతాయి గాని, ఈ సున్నపు పదార్థానిది తలకిందుల స్వభావం: నీరు ఎంత కాగితే అంత త్వరగా అది బయటపడుతుంది.

తెలుగులో గార అన్న మాట ఇక్కడ విచిత్రంగా కలిసివస్తుంది. పళ్లకు పట్టేదీ గారే, గోడకు పూసే సున్నపు మిశ్రమమూ గారే. స్నానపు నీళ్ల కాగులోనూ, ఇంజన్ నీటి దారిలోనూ తెల్లగా పేరుకునేది ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. రేడియేటర్‌లో నీరు తగ్గినప్పుడల్లా రోడ్డు పక్క హోటలు తొట్టినుంచో, పొలంలోని బోరు దగ్గరినుంచో ఒక సీసా నింపి పోయడం ఈ దారుల్లో సర్వసాధారణం. ఆవిరైన నీరు పోతుంది, అందులోని సున్నం ఉండిపోతుంది, పోసిన ప్రతి సీసా ఒక పొర వేస్తుంది. ఇంజన్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న గోడల మీద అది ముందుగా కడుతుంది, పెచ్చులుగా ఊడినప్పుడు కొట్టుకుపోయి అన్నిటికన్నా సన్నని దారిలో చిక్కుకుంటుంది. ఆ సన్నని దారి హీటర్ కోర్. ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో రాతిలోంచి ఆకారాన్ని బయటికి తీస్తారు. అదే నేల నీరు ఉలి లేకుండా, శబ్దం లేకుండా, అల్యూమినియం గొట్టాల లోపల రాతిని తిరిగి కడుతుంది.

ఇక్కడ కూలెంట్ అన్న పదార్థాన్ని గురించిన ఒక అపోహను పేర్కొనాలి. ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కని, తియ్యని, విషపూరితమైన ద్రవాన్ని ఖనిజాలు తీసేసిన నీటితో కలిపి, తుప్పును ఆపే రసాయనాలు చేర్చి తయారుచేసేదే కూలెంట్. సగం సగం కలిపితే అది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు గనుక, నంద్యాలలో నీరు గడ్డకట్టే ప్రమాదమే లేదు గనుక, ఇక్కడ దాని అవసరం లేదని వాదించేవారు ఉన్నారు. తర్కం చక్కగా ఉంది గాని సగమే ఉంది. అదే మిశ్రమం మరిగే ఉష్ణోగ్రతను కూడా పెంచుతుంది, లోపలి లోహాలను తుప్పునుంచి కాపాడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా, బోరు నీరు పోసే అలవాటుకు అడ్డుపడుతుంది. ఎండల ఊరికి కూలెంట్ అక్కర చలిదేశానికన్నా తక్కువేమీ కాదు.

గార కన్నా పెద్ద నష్టం కొన్ని షెడ్ల ఆచారాల వల్ల జరుగుతోంది. బండి కాగుతోందని తీసుకువస్తే థర్మోస్టాట్ తీసి పారేసే పద్ధతి మన దేశంలో చాలాచోట్ల ఉన్నట్టే ఇక్కడా ఉంది. తూము ఉన్నందువల్లే నీరు ఆగుతోంది, తూమునే తీసేస్తే నీరు ధారాళంగా పోతుంది అన్న వాదన వినడానికి ఎంత సహజంగా ఉందో, ఇంజన్‌కు అంత హానికరం. తూము లేని ఇంజన్ తన పని ఉష్ణోగ్రతకు చేరడానికి చాలా ఆలస్యం చేస్తుంది. చల్లని ఇంజన్ ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఆయిల్లో తేమ చేరి జిడ్డు బురదలా మారుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే పక్కదారిని మూసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తీసేస్తే కాగిన నీటిలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండా పక్కదారినే తిరుగుతుంటుంది, అప్పుడు కాగకూడదని తీసిన ముక్క లేకపోవడమే బండి కాగడానికి కారణమవుతుంది. ఇంజన్‌కు చల్లదనం కావాలన్నది సగం నిజం, దానికి ఒక నిలకడైన వేడి కావాలన్నది పూర్తి నిజం. ఎండను శత్రువుగా చూసే ఊళ్లో ఈ రెండో వాక్యాన్ని నమ్మించడం కష్టం.

రెండో ఆచారం హీటర్ కోర్‌ను తప్పించడం. కోర్ కారితే లోపల తియ్యటి వాసన వస్తుంది, అద్దం మీద జిడ్డు పొర కడుతుంది, కాళ్ల కింది చాప తడుస్తుంది. దాన్ని మార్చాలంటే చాలా బండ్లలో ముందు పలక మొత్తం విప్పాలి, అది పూటతో తెమిలే పని కాదు. వాడని హీటరు కోసం అంత ఖర్చు ఎందుకని, లోపలికి వెళ్లే గొట్టాన్నీ తిరిగి వచ్చే గొట్టాన్నీ ఒక వంపు పైపుతో, రెండు క్లిప్పులతో కలిపేస్తారు. కారడం ఆగుతుంది, యజమాని సంతోషిస్తాడు, చివరి ఆయకట్టు శాశ్వతంగా జాబితాలోంచి తొలగిపోతుంది. ఖర్చు లెక్కలో దీన్ని తప్పుపట్టడం సులభం కాదు. కాని కొండ ఎక్కేటప్పుడు లెక్క మారుతుంది.

నంద్యాలనుంచి గాజులపల్లె మీదుగా నల్లమల దాటి గిద్దలూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డులో, ఎండాకాలపు మధ్యాహ్నం, నిండా మనుషులతో, ఏసీతో నడిచే బండి మీటరు ముల్లు ఎరుపు గీతకు దగ్గరవుతున్నప్పుడు చేయవలసిన మొదటి పని ఏసీ ఆపడం, రెండో పని కిటికీలు దించి హీటరును పూర్తి ఎరుపుకు తిప్పి ఫ్యానును చివరి గడికి పెట్టడం. చెప్పినవాడికి మతి పోయిందనుకునేంత విడ్డూరమైన సలహా ఇది. కాని హీటర్ కోర్ కూడా ఒక రేడియేటరే గనుక, ఇంజన్ మోయలేకపోతున్న వేడిలో కొంత భాగాన్ని లోపలి మనుషుల మీదికి దించుకోవడం ద్వారా, నీడగా ఉన్న మలుపులో బండిని పక్కకు తీసేంత వ్యవధి దొరుకుతుంది. రాష్ట్రంలోకెల్లా వేడిగా ఉండే ఊళ్లలో ఒకదానికి హీటరు అత్యవసరపు చల్లబరిచే యంత్రంగా ఉపయోగపడుతుందన్నది ఇందులోని చమత్కారం. వంపు పైపు వేసిన బండికి ఆ రెండో రేడియేటర్ లేదు. ఆళ్లగడ్డనుంచి అహోబిలం వెళ్లి, ఎగువన జ్వాలా నరసింహుడి సన్నిధికి ఎక్కినవారు అక్కడ జ్వాల పేరు గల దేవుడి పక్కనే జలపాతం దూకుతుండడాన్ని చూసే ఉంటారు. ఆ స్థలాన్ని ఎన్నుకున్నవారి మనసులో ఏముందో గాని, ఉగ్రమైన వేడి పక్కన నీటిని ఉంచాలన్న ఇంగితం మాత్రం ఇంజన్ తయారీదారులకన్నా చాలా పాతది.

ఇదే ఘాట్‌లో వానాకాలం హీటరుకు ఇంకో పని ఉంది. లోపలివారి ఊపిరిలోని తేమ చల్లని అద్దం మీద మంచులా కమ్మి దారి కనబడనప్పుడు, ఏసీ ఆ తేమను పిండేస్తే హీటరు అద్దాన్ని వెచ్చబరుస్తుంది. రెండూ కలిసి పనిచేస్తేనే అద్దం త్వరగా తేరుకుంటుంది. చేతిగుడ్డతో అద్దం తుడుస్తూ మలుపులు తిరిగే డ్రైవర్లలో ఎంతమందికి ఆ ఎరుపు మీట గుర్తుకు వస్తుందన్నది సందేహమే.

వాహనంలో వెచ్చదనం అన్న కోరిక మోటారు కారుకన్నా రైలుపెట్టెల్లో ముందుగా స్థిరపడింది. షికాగోకు చెందిన మార్గరెట్ విల్‌కాక్స్ 1893లో రైలుపెట్టెలను వెచ్చబరిచే ఏర్పాటుకు పేటెంటు పొందింది. ఇంజన్ నీటి వేడినే కార్లలోకి మళ్లించే పద్ధతి అమెరికాలో 1920, 1930 దశకాల్లో బలపడింది. ఇక్కడ మాత్రం, ఇంజన్ డ్రైవరు పక్కనే ఉండే పాత ఆర్టీసీ బస్సుల్లో, సంక్రాంతి చలికి తొలి బస్సు ఎక్కిన ప్రయాణికుడు సీటు వదిలి బానెట్ మీద కూర్చోవడమే హీటరు. దానికి గొట్టం లేదు, కోర్ లేదు, చెడిపోయే అవకాశమూ లేదు. చదువుకో ఉద్యోగానికో మిషిగన్, మిన్నెసోటాల దాకా వెళ్లిన ఈ ప్రాంతపు యువతరం మొదటి శీతాకాలంలోనే తెలుసుకునే సత్యం, ఇంజన్ కాగేదాకా హీటరు ఏమీ చేయలేదని. ఇక కరెంటు కార్లలో పారేసే వేడి చాలా తక్కువ గనుక, అక్కడ హీటరు నిజంగానే వేడిని పుట్టించవలసి వస్తుంది లేదా బయటి గాలిలోంచి తోడవలసి వస్తుంది. అందుకే చలిలో వాటి బ్యాటరీ త్వరగా తరుగుతుంది.

పాత కారు కొనేవారికి ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి ఒక పరీక్ష దొరుకుతుంది, దాన్ని నంద్యాలలో మే నెల మధ్యాహ్నం కూడా చేయవచ్చు. ఇంజన్‌ను పది పదిహేను నిమిషాలు నడిపి, ఏసీ ఆపి, ఎరుపు మీటను చివరిదాకా తిప్పి, ఫ్యాను పెంచి, గాలి వచ్చే జల్లెడ దగ్గర చేయి పెట్టాలి. బయటి గాలే 44 డిగ్రీలు ఉన్న రోజున తేడా తెలియదనుకోవడం పొరపాటు. సరిగా ఉన్న హీటరు గాలి ఆ వడను మించిన సెగతో అరచేతిని వెనక్కు లాగిస్తుంది. అలా లాగిస్తే నీరు ఉందని, పంపు తోస్తోందని, థర్మోస్టాట్ ఉన్నచోటే ఉందని, కోర్‌లో గార నిండలేదని ఒక్కసారే అనుకోవచ్చు. వడగాలితో సమానంగా ఉంటే బానెట్ ఎత్తి, ఇనుప గోడ దగ్గర వంపు పైపు ఏదైనా ఉందేమో చూడాలి. అమ్మేవాడు చెట్టు నీడన నిలబడి, ఈ ఎండలో హీటరు వేసుకుని కూర్చున్న ఆసామిని విడ్డూరంగా చూస్తూ, ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది అది చూడండన్నా అని కేక వేస్తాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంటున్నా ఆ చేయి మరో నిమిషం అక్కడే ఉండడం మంచిది.